నా నోటితో ఇచ్చిన మాట

డిసెంబరు మొదటి సోమవారం, పొద్దున ఏడింటికి సరిహద్దు పోస్టుకు చేరాను. రాయచూరు దగ్గర యరగేర ఎండలో పెరిగిన ఒళ్లు. రెండు స్వెట్టర్లు, పైన జాకెట్, అయినా పళ్లు టకటకలాడాయి. ఎదుటి కొండ వాళ్లది. కింద ఊరు మనది. ఆ ఊరి ఆడవాళ్లను సోదా చేయడానికి పంపిన ఆడ జవానును నేను.

గుండ్లు పడితే ఊరంతా కాంక్రీటు బంకరులోకి దిగాలని హుకుం. మగవాళ్లు దిగేవాళ్లు. ఆడవాళ్లు ఇళ్లలోనే ఉండి గాయపడేవాళ్లు. "ఒట్టి మొండితనం" అన్నాడు కెప్టెన్ సాబ్.

యుద్ధంలో జనం ఎలా బతుకుతున్నారో అడిగి తెలుసుకోవడానికి బెంగళూరు నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆమెకు ఉర్దూ రాదు. ఆమె కన్నడాన్ని నేను ఉర్దూలో చెప్పాలి. నా రాయచూరు ఉర్దూ విని ఊరి ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ప్రతి ఇంట్లో ఆమె ముందు ఒకటే మాట చెప్పేది: "నీ పేరు నేనెవరికీ చెప్పను." నేనూ ఉర్దూలో అట్లాగే అనేదాన్ని. నేనెవరికీ చెప్పను.

ఒక తల్లి తలుపు గడియ వేసి చెప్పింది. బంకరు చీకట్లో ఎవడో ఆడపిల్లల మీద చేతులు వేస్తున్నాడట. అందుకే ఆడవాళ్లు దిగడం మానేశారట.

బంకరు లోపల దీపం, ఆడవాళ్లకు వేరే గది కావాలని బెంగళూరు మేడమ్ కెప్టెన్‌కు చెప్పింది. ఆ తల్లి పేరు మాత్రం చెప్పకుండానే వెళ్లిపోయింది. ఆయన నన్ను పిలిచాడు.

"ఎవరు చెప్పారు? ఆమె చేతనే వాణ్ణి పట్టిస్తాను."

"నై బోల్తీ సాబ్."

"ఇది ఆర్డర్."

"పేరు బయటపడితే ఊరు వాణ్ణి వదిలేసి ఆమెను పీక్కుతింటుంది సాబ్. మాట ఇచ్చాను."

"మాట ఇచ్చింది ఆ మేడమ్."

"నోరు నాది సాబ్."

నాకు రావాల్సిన ప్రమోషన్, లాన్స్ నాయక్ పట్టీ, ఆగిపోయింది. మా వైర్‌లెస్ ఆపరేటర్ మా జిల్లా సింధనూరు వాడు, తల కొట్టుకున్నాడు. "ఒక్క పేరేగా అమ్మాయ్, చెప్పేస్తే పోయేదిగా!"

"అయితే పట్టీ నువ్వే పెట్టుకో పో. నేనైతే జెప్ప."

కెప్టెన్ సణుగుతూనే బంకరులో బల్బు పెట్టించాడు. మధ్యన గోడ కట్టించాడు.

ఇప్పుడు సెలవు మీద యరగేరకు వెళ్తే మా మామ ఎకసెక్కాలాడతాడు. "యుద్ధంల ఇంటింటికి పోయి గిట్ల సవాళ్లు అడుగుడేందే? ఎందర్ని కాల్చినవో జెప్పు."

"గుండు యాడ పడ్డదో దుర్భిణిల కనబడ్తది మామా. ఆడోళ్లు బంకర్ల ఎందుకు దిగరో అడిగితేనే ఎరుకైతది."

గోడ కట్టాక ఆ జనవరిలోనే ఒక మధ్యాహ్నం మళ్లీ గుండ్లు పడ్డాయి. నేను బంకరు తలుపు దగ్గర కాపలా. పక్కనే కెప్టెన్, ఆ చెప్పిందెవరో కనిపెట్టాలని, వచ్చే ప్రతి ఆడమనిషి ముఖాన్నీ, నా ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని పరుగున వచ్చింది. మెట్టు మీద జారింది. నేను రెక్క పట్టి నిలబెట్టాను. ముక్కూముఖం తెలియని జవానును చూసినట్టు ఆమె నన్ను చూసింది, చెయ్యి విదిలించుకుని లోపలికి దిగిపోయింది.