నది మొగ దగ్గర కేకలు వేసిన తాత

బతికున్నన్నాళ్ళూ ఆయన కేకలకు నవ్విన మీరు, ఆయన శవపెట్టె దగ్గర ఏ మొహం పెట్టుకుని ఏడ్చారు?

తాత పోయిన వారం మంగళవారం పొద్దున ఆసుపత్రిలో గుండె ఆగి పోయాడు. శుక్రవారం సమాధి చేశాం. మన సంఘంలో వాడుక ప్రకారం ప్రభువునందు నిద్రించాడని రాయాలి. రాయను. ఆ మనిషి మెలకువగా ఉండబట్టే మీలో కొందరు ఇంకా పొద్దున్నే నిద్ర లేస్తున్నారు.

కబురు తెలిసిన గంటలో మన వాట్సాప్ గ్రూపు నిండా దండం బొమ్మలు. ఫోటో కావాలని వెతికితే ఒక్కటే దొరికింది. మీరు వేళాకోళానికి తీసిందే. ఒడ్డున నిలబడి రెండు చేతులూ ఎత్తి అరుస్తున్న ఫోటో. అప్పుడు దాని కింద ఎవరో ‘మన హట్ నది ట్రాఫిక్ పోలీస్’ అని రాశారు. ఇప్పుడు అదే ఫోటోకి పూలదండ అతికించి పెట్టారు. ప్రవక్తల్ని చంపినవాళ్ళ పిల్లలు ఆ ప్రవక్తల సమాధులనే అలంకరించడం గురించి ప్రభువు ఏమన్నాడో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆయన శ్రీకాకుళం తీరంలో చేపలకు అలివి వల లాగిన మనిషి. కూతురు ఇక్కడ, ఈ పరాయి దేశంలో నర్సు. తల్లి పోయాక తండ్రిని తెచ్చి ఈ ఊళ్ళో, లోవర్ హట్‌లో తన ఇంట్లో పెట్టుకుంది. మా పక్క ఇల్లే. నేను బైబిల్ కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. వారమంతా జనాల బాత్రూముల్లో టైల్స్ పరుస్తాను, ఆదివారం అద్దె హాల్లో వాక్యం చెబుతాను. ఆయనకు అక్షరం ముక్క రాదు. అయినా వాక్యాన్ని చివరిదాకా చదవడం నాకు నేర్పింది ఆయనే.

ఈ దేశంలో మార్చి అంటే ఎండలు తగ్గినా నీళ్ళల్లో వెచ్చదనం ఇంకా పోని నెల. మన నెత్తళ్ళలాంటి చిన్నచేపలు మందలు కట్టి ఒడ్డు వెంబడి హార్బర్‌లోకి కదులుతాయి. వాటిని తరుముకుంటూ కహవాయ్‌లు వస్తాయి, ఒళ్ళంతా కండే ఉన్న చేపలు. మన మగాళ్ళకు ఆ నెలలో పూనకం. ఆదివారం హాల్లో పాట పాడుతూ కూడా కిటికీలోంచి గాలి ఎటు వీస్తోందో చూస్తారు.

తాత గాలిని తర్వాత చూసేవాడు, ముందు పిట్టల్ని చూసేవాడు. “పిట్ట ములిగితే సేప ఉన్నట్టు. పిట్ట నీటిమీద కూకుంటే బోజనం అయిపోయినట్టు, ఇంటికెల్లిపో” అనేవాడు. దక్షిణపు గాలి తిరిగితే గాలాలు చుట్టేసేవాడు. “మన కాడ సలి ఉత్తరం నించొస్తాది, ఇక్కడ దచ్చినం నించొస్తాది. దేవుడు ఈ దేసాన్ని తలకిందులుగా ఎట్టినాడు” అని నవ్వేవాడు. పట్టిన చేపకు అక్కడికక్కడే మొప్పలు కోసి నెత్తురు పోనిచ్చి, తడి గోనెలో చుట్టేవాడు. ఇంటికి రెండే. చింతపండు పులుసు మా ఇంటికి గిన్నెలో తెచ్చి, “ఇయ్యాల ముట్టుకోకు బాబూ, రేపు తిను” అని మూత తనే గట్టిగా నొక్కి వెళ్ళేవాడు.

ఇక ఆ కేకల సంగతి. పాటుకి సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు, నది సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర ఇసుక మేట తేలుతుంది. మోకాలి లోతు పాయ దాటితే దాని మీదికి వెళ్ళొచ్చు. పోటు తిరిగాక చిన్నచేప, దాని వెనక పెద్దచేప వచ్చేది ఆ మేట అంచుకే. మనిషి సముద్రం వైపు మొహం పెట్టి నిలబడతాడు. కాళ్ళ కింద ఇసుక ఇంకా పొడిగానే ఉంటుంది. ఈలోపు వెనక పాయ నిండుతుంది. ఇక్కడి పోటు పెద్ద ఎత్తు లేవదు, అందుకే అందరికీ అలుసు. కొండల్లో వాన పడి నది బరువుగా దిగుతున్న రోజున ఆ కాస్త ఎత్తే మనిషిని లేపి పక్కకు పడేస్తుంది.

అందుకని తాత మీ ముందు కాదు, మీ వెనక నిలబడేవాడు. పాయలో వెదురుకర్ర గుచ్చి, దానికి ఎర్రగుడ్డ కట్టి, గుడ్డ తడవగానే అరిచేవాడు. “సేప ముందు నించొస్తాది, సావు ఎనక నించొస్తాది. రండ్రా బయటికి!”

మీరేమన్నారు?

“తాతా, రిలాక్స్! వెదర్ యాప్‌లో అంతా గ్రీనే!”

“నీ యాప్‌కి కాల్లు తడవవురా!”

“అంకుల్, దేవుడు చూసుకుంటాడు లెండి.”

“దేవుడు నిన్ను సూసుకుంటాడు. నువ్వు నీ ఎనక సూసుకో!”

దేవుడు చూసుకుంటాడట. ఆలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నది ఎవరు? ఆ లేఖనం ఎత్తి చూపించింది అపవాది. దూకనన్నవాడు మన ప్రభువు. రొమ్ముదాకా రబ్బరు ప్యాంటు తొడుక్కుని, పోటులో నిలబడి మీరు చెప్పే విశ్వాసం ఏ పక్కదో మీరే తేల్చుకోండి.

ఇంత కోపం మీ మీద చూపిస్తున్నాను గానీ, మొదటి దోషిని నేనే. రెండేళ్ళ కిందట ఇదే నెలలో పేతురు పడవ దిగి నీళ్ళ మీద నడవడం గురించి ప్రసంగించాను. అడుగు బయట పెట్టండి, లోతుకు వెళ్ళండి అని బల్ల గుద్దాను. హాలు మారుమోగింది. టీ తాగేటప్పుడు తాత నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“బాబూ, పేతురు నీల్లమీద నడిసేడని సెప్పినావు. ములిగిపోయేడని సెప్పలేదేటి?”

“అది ఇవాళ్టి అంశం కాదు తాతా.”

“నీ అంసం ఏటో నాకు తెల్దు. ఈల్లు మాత్రం నీ అంసం పట్టుకుని లోతుకెల్తారు.”

చదువురాని ముసలాయన నాకు వాక్యం నేర్పుతాడా అని మండిపడ్డాను. ఆ సాయంత్రమే సంఘంలోని ఇద్దరు తమ్ముళ్ళు మేట చివరిదాకా వెళ్ళి, ‘పేతురు స్పాట్’ అని గ్రూపులో ఫోటో పెట్టారు.

తర్వాతి శనివారం తాత నన్ను వెంట తీసుకెళ్ళాడు. బలవంతంగా లైఫ్ జాకెట్ తొడిగి తాళ్ళు బిగించాడు, తనూ కట్టుకున్నాడు. మేట మీద నాకు చేప తగిలింది. రీలు అరుస్తోంది, నేనూ అరుస్తున్నాను. ఆయన మాత్రం పాయ వైపే చూస్తున్నాడు. చేప చేతికందాక, “ఇప్పుడు ఎనక్కి సూడు” అన్నాడు. వచ్చేటప్పుడు మోకాలు దాటని పాయ నడుము దాటింది. నాలుగడుగులు వేశానో లేదో బూట్ల కింద ఇసుక జారిపోయింది, నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. మునిగేటప్పుడు పేతురు ప్రభువునే పిలిచాడు. నా నోటికి ప్రభువు పేరు రాలేదు. “తాతా” అన్నాను.

ఆయన కాలరు పట్టి ఒడ్డుకి ఈడ్చాడు. దగ్గుతూ పడి ఉన్న నా మీదికి వంగి, “ఇప్పుడు సెప్పు బాబూ, ఆ మిగతా సగం” అన్నాడు.

ఆ ఆదివారం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. మర్నాడు మళ్ళీ మేట మీదే ఉన్నారు. తాత మళ్ళీ ఒడ్డున ఉన్నాడు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు చాలాసేపు ప్రార్థన చేశాను. ఆయన ఒక కన్ను తెరిచాడు. “అయిందా? అయితే మొగ కాడికెల్లు. పోటు తిరిగే యేల.” నేను వెళ్ళలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోవడమే భక్తి అనుకున్నాను.

శుక్రవారం మట్టి వేశాం. శనివారం పొద్దున్నే మనవాళ్ళు నలుగురు మేట మీద! ఒడ్డున ఎవరూ లేరు. నేను పరుగెత్తి అరిచాను. పలకరిస్తున్నాననుకుని చెయ్యి ఊపారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక తమ్ముడి రబ్బరు ప్యాంటులోకి నీళ్ళు నిండి తల రెండుసార్లు మునిగింది. మిగతా ముగ్గురూ పట్టి లాగితే బతికాడు. మర్నాడు హాలు గుమ్మంలో నన్ను ఆపి, “బ్రదర్, సాక్ష్యం చెప్పుకోవాలి. దేవుడు నన్ను అద్భుతంగా కాపాడాడు” అన్నాడు.

“సాక్ష్యం కాదు, ఒప్పుకోలు చెప్పు. తాత మాట వినలేదని ఒప్పుకో.”

“అదేంటి బ్రదర్, అందరికీ ఎంకరేజింగ్‌గా ఉంటుంది కదా!”

మైకు ఇవ్వలేదు. అలిగాడు. వాళ్ళావిడ కూడా అలిగింది. అలగనివ్వండి. చప్పట్లు కొడితే వచ్చే వారం ఇంకొకడు అద్భుతం వెతుక్కుంటూ వెళ్తాడు. వాడి వెనక తాత ఉండడు.

ఈ రోజు శనివారం. పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. రెండు రోజుల నుంచి కొండల్లో వాన, నది మట్టిరంగులో దిగుతోంది. చేప ఇంకా లోపలే ఉంది. మధ్యాహ్నానికి మేట తేలుతుంది, ఆ తర్వాత పోటు. మీ ఇంట్లోంచి ఎవరో ఒకరు గాలాలు సర్దుకుని బయల్దేరే ఉంటారు. అక్కా, చెల్లీ, తమ్ముడూ, మోకాళ్ళ ప్రార్థన తర్వాత చేద్దాం. గరాజ్‌లో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని లైఫ్ జాకెట్లు ఉన్నాయి, తియ్యండి. ఫోన్ చెయ్యండి. ఎత్తకపోతే కారెక్కండి. రాళ్ళ ఒడ్డు మీద నిలబడి, సిగ్గు విడిచి, పేరు పెట్టి పిలవండి. నవ్వితే నవ్వనివ్వండి, బయటికి వచ్చేదాకా పిలవండి. నేను చెప్పులు వేసుకుంటున్నాను. మీరూ లేవండి, నీళ్ళు తిరగకముందే.