ఎరుపు దాటిన వెలుగు

గాజువాక బస్సులో నా పక్క సీటతను మాట్లాడుతున్నంతసేపూ నా మొహంలోకి కాక, నా చెవి పక్కకే చూశాడు. అక్కడేముందోనని రెండుసార్లు తిరిగి చూశాను. మురికి కిటికీ తప్ప ఏమీ లేదు.

ఒక ల్యాబులో లేజర్లు తయారుచేసేవాడట. చిప్ మీద కంటికి ఆననంత చిన్న చుక్కలు పెంచుతారు. కరెంటు ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ చుక్కల్లో చిక్కుకుని, కిందికి జారుతూ వెలుగు విడుస్తాయి.

"సుక్క సైజుని బట్టే రంగు మాస్టారూ. సుక్క పెరిగే కొద్దీ ఎరుపు వైపు జరుగుద్ది. ఇంకా పెంచితే ఎరుపు దాటిపోద్ది. ఇంక కనబడదు. అదే బయం."

"కనబడకపోతే భయమేముంది?" అన్నాను.

"కనబడితే రెప్ప పడుద్ది. కనబడకపోతే రెప్పకి ఏటి తెలుస్తాది?"

ఆ కిరణం ఎక్కడుందో పట్టుకోడానికి ఒక కార్డు అడ్డం పెడతారట. కిరణం తగిలినచోట కార్డు మెరుస్తుంది. రక్షణకి పెట్టుకున్న రంగు కళ్లజోడులోంచి ఆ మెరుపు సరిగా ఆనక, అక్కడ అందరూ చేసినట్టే అతనూ ఓసారి జోడు నుదుటి మీదికి తోశాడు. అప్పుడే కిరణం కంట్లో పడిందట.

"నొప్పెట్టిందా?"

"ఏటీ లేదండి. మర్నాడు పేపరు సదూతుంటే నాను సూసిన అచ్చరమే లేదు. పక్కవన్నీ ఉన్నాయి. ఎడం కన్ను సిన్నప్పట్నించీ పనిసెయ్యదు. ఉన్నది ఇదొక్కటే. ఇప్పుడు నా బల్ల దగ్గర ఇంకొకాయన పని సేత్తన్నాడు. జోడు నుదుటి మీదే ఉంటాది."

సీతమ్మధారలో దిగడానికి లేచాడు. వస్తానంటూ మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. అలా చూస్తే నేను కనబడనని నాకప్పటికి తెలుసు. అయినా నవ్వాను.