ఊహూఁ అనాల్సిన చోట

మా బృందంలో అందరికంటే తక్కువ మాటలు మా వదినవి. మా ఆయన పిల్లలకి పాటలు పాడి కథలు చెప్తాడు. ఇంకొకాయన డోలు వాయిస్తాడు. అట్టతో చేసిన పులి మొహం తగిలించుకుని గాండ్రించడం నా పని. వదిన, అంటే మా ఆయన అక్క, పక్కన కూర్చుని ఊ కొడుతుంది. అదీ ఒక పనేనా అని మూతి విరిచేవాళ్లని ఓ గంట కూర్చుని కొట్టమనండి, తెలుస్తుంది. భయపడే ఊ వేరు, నమ్మని ఊ వేరు, "అది సరే, తర్వాతేమైంది" అనే ఊ వేరు. పిల్లలు ఆవిణ్ణి ఊ అమ్మమ్మ అంటారు.

పగలు బట్టల కొట్టు వెనక గదిలో గుండీలు కుట్టేది. యజమాని ఏమన్నా అలవాటుకొద్దీ ఊ అనేసి, ఆదివారాలు కూడా పనికి ఒప్పుకుని వచ్చేది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. అప్పట్లో కథ చెప్పేది ఆవిడ, ఊ కొట్టేది ఆయన. పెద్దయ్యాక తారుమారయ్యారు.

రెండేళ్లుగా వదినకి చెవులు మందగించాయి. ఎవరికీ చెప్పలేదు. పక్కనే కుక్కర్ కూతలు వేస్తున్నా కదలకుండా కూర్చుంటే నాకు అర్థమైంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది" అన్నాడు డోలాయన. ఆ రోజు అతనికి టీ ఇవ్వలేదు నేను. మా ఆయన మాత్రం, ఈసారి ఊ తప్పితే అక్కని ఇంట్లో కూర్చోబెడతానన్నాడు, పదిమందిలో నవ్వులపాలు కాకూడదని. ప్రేమతోనే అన్నాడు, అయినా నాకు ఒళ్లు మండింది. ఆ ఊ తీసేస్తే ఆవిడకి ఇంకేం మిగులుతుంది?

ఆ వారం ఒక బడిలో ఆట. కథలో వాన పడుతుంది, పులి వచ్చి గుడిసె తలుపు కొడుతుంది. "తలుపు తియ్యమంటావా?" అని మా ఆయన మూడుసార్లు అడుగుతాడు. మూడుసార్లూ వదిన ఊహూఁ అనాలి. పులి ఏడుస్తూ వెళ్లిపోవాలి.

రెండోసారి అడుగుతుంటే డోలు కాస్త గట్టిగా మోగింది. వదిన నిండుగా "ఊ" అంది.

పిల్లలు హోరుమన్నారు. చేసేదిలేక నేను గుడిసెలోకి వెళ్లి నిలబడ్డాను. లోపలికొచ్చిన పులికి మా కథలో ఒక్క మాటా లేదు. పిల్లల మొహాలు చూసి వదినకి తప్పు తెలిసిపోయింది. ఇన్నేళ్లలో ఆటమధ్యలో ఎన్నడూ లేవని మనిషి లేచింది. దగ్గరికొచ్చి, పైట చెంగుతో నా అట్టతల తుడిచింది. ముందు నుదురు, తర్వాత చెవులు. చెవుల దగ్గర కాస్త ఎక్కువసేపు తుడిచింది. పాపం, వానలో తడిసొచ్చిన పులి కదా. మొహం లోపల నాకు ఏడుపు ఆగలేదు.

ఆట అయ్యాక తెర మడతపెడుతూ మా ఆయన వదిన వెనక నిలబడి గొణిగాడు.

"ఇక చాలక్కా. ఇంట్లో ఉండు."

వదిన పులి మొహాన్ని సంచీలో సర్దుకుంటూనే ఉంది.

"చెప్పేదేదో ఆవిడ మొహం చూసి చెప్పండి," అన్నాను నేను. "వెనక నుంచి పెద్దమనిషిలా తీర్పు చెప్పడం కాదు."

ఆయన ముందుకెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. వదిన ఆయన పెదాల వంకే చూస్తోంది, చిన్నపిల్లలు కథ కోసం చూసినట్టు. ఆయన ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"మానేస్తావా అక్కా?"

"ఊహూఁ," అంది వదిన.

అది మాత్రం సరిగ్గా అనాల్సిన చోటే అంది.

ఇప్పుడు మా ఆయన కూర్చుని కథ చెప్పే స్టూలు పిల్లల వైపు ఉండదు, వదినకి ఎదురుగా ఉంటుంది. పిల్లలకి ఆయన మొహం సగమే కనిపిస్తుంది. పోయిందేం లేదు, అదేమంత చూడముచ్చటైన మొహం కాదు.