అత్తగారు అడిగిన ప్రార్థన

మా అత్తగారికి కడుపులో గడ్డ ఉందని, గర్భసంచి తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. విజయనగరం ఆసుపత్రికి బయలుదేరే రోజు పొద్దున్న, చీపురుపల్లిలో మా వంటగదిలోకి వచ్చి ఆవిడ పీట వాల్చుకుని కూర్చుంది. నేను చట్నీకి పల్లీలు వేయిస్తున్నాను. పోపుల డబ్బాకు ఆనించిన ఫోనులో ఎవరో పాస్టరుగారి ప్రసంగం నడుస్తోంది.

"అది ఆపే. నీ దేవుడికి నా గురించి ఓపాలి సెప్పు. నాకూ ఇనబడాల," అంది.

ఫోను ఆపి, పొయ్యి కట్టేశాను. పెళ్లయిన కొత్తలో, మా అక్క ఉండే భావనపాడు వెళ్లి సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నానని తెలిసి, నెలల తరబడి నాతో మాట మానేసిన మనిషి ఆవిడ. అప్పట్లో వడ్ల బస్తాల వెనక నక్కి ప్రార్థన చేసుకునేదాన్ని. భయం వల్లో ప్రేమ వల్లో మాటలు తన్నుకొచ్చేవి. తర్వాత ఆవిడ మెత్తబడింది. ఆదివారం నేను చర్చికి వెళ్తే అన్నం తనే వార్చేది. అడ్డు తొలగాక నా భక్తి పెరగాలి కదా. ఎందుకో అలా జరగలేదు.

కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఘడియలో నీ సన్నిధికి వచ్చుచున్నాము... చాలాసేపు అలాగే సాగింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ నన్నే చూస్తోంది.

"ఇయి మైకులో మాటలు కదే. నువ్వేటి అడిగినావు?"

నేనేమీ అడగలేదని అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ వల్ల ప్రమాదం లేదన్నారు. ఆవిడను ఇంటికి తెచ్చాక వచ్చిన ఆదివారం మా చర్చి పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమని సంతోషంగా నన్ను అడిగారు. కోడలి ప్రార్థన దేవుడు ఆలకించాడని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. లేచి నిలబడి, మా అత్తగారు బాగున్నారు గానీ ఆవిడ కోసం నేను ప్రార్థించలేకపోయానని, చాన్నాళ్లుగా నా ప్రార్థన పెదాల మీదే నడుస్తోందని చెప్పాను. ఎవరో అలవాటుగా ఆమెన్ అన్నారు.

బయటికి వచ్చాక పాస్టరమ్మగారు నన్ను పక్కకు పిలిచి, కొత్త విశ్వాసుల ముందు అలాంటివి చెబితే తొట్రుపడతారని మెల్లగా మందలించారు. చెప్పులు వేసుకుంటూ ఇంకొకావిడ, తన పరిస్థితీ అంతేనని నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. ఎవరి మాట పట్టుకోవాలో తెలియలేదు. అడగకుండానే దేవుడు ఎందుకిచ్చాడో అసలే అర్థం కాలేదు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని జరిగిందంతా అత్తగారికి చెప్పాను.

"అయితే ఇప్పుడు సెప్పు," అంది.

"ప్రభువా, ఏటి సెప్పాలో నాకు తెల్డం నేదు," అన్నాను. ఇంకేమీ రాలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు పొద్దున్నే ఫోను కట్టేసి కూర్చుంటున్నాను. ఒక్కోరోజు మాటలొస్తాయి, ఒక్కోరోజు రావు. సాయంత్రం ఆవిడ తన అమ్మవారికి దీపం పెట్టుకుంటుంది. వంగలేని రోజున ప్రమిద నేనే అందిస్తాను. అది విశ్వాసంలో రాజీ పడటమో, ప్రేమో తేల్చుకోలేకపోతున్నాను. ఆ సంగతి కూడా ప్రభువునే అడుగుతున్నాను.