అల్ వక్రా మెట్రోలో చర్చి తాళంచెవి

దోహా నుంచి అల్ వక్రా వెళ్ళే మెట్రోలో నా పక్కన కూర్చున్న ఇంగ్లండు పెద్దాయన జేబులోంచి రుమాలు లాగితే, దాంతోపాటు జానెడు ఇనుప తాళంచెవి ఠంగుమని కింద పడింది. ఎదుటి సీట్లోని రాజన్న దాన్ని తీశాడు. జగిత్యాల వైపు మేస్త్రీ అతను, రైలెక్కినప్పుడే నాతో మాట కలిపాడు.

"ఏ కోటదో అడుగుండ్రి సార్" అన్నాడు.

కోటది కాదు, వాళ్ళ చిన్న పల్లెలోని వందల ఏళ్ళ నాటి చర్చిదట. ఉన్నది ఒక్కటే తాళంచెవి, అది ఈయన దగ్గరే ఉంటుందట. అంత పాత తలుపు పగలగొట్టడానికి ఊళ్ళో ఎవరికీ మనసొప్పదట. కూతుర్ని చూడటానికి వస్తూ పొరపాటున తెచ్చేశాడట.

"అయ్యో, ఎల్లుండి ఆదివారం కదా!" అని నేను కంగారుపడ్డాను.

రాజన్న మాత్రం నవ్వాడు. "ఎయిర్‌పోర్టుల జేబులన్నీ ఖాళీ చేపిస్తరు గద సార్, గింత ఇనుము యాది మరుస్తడా? కమిటోళ్ళు మా గుడి పాత గంట అమ్ముతమంటే, మా పెదబాపు తాళంచెవి పట్టుకొని బొంబాయి పోయిండు. ఈయన ఎందుకు తెచ్చిండో అడుగుండ్రి."

అడిగాను. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. కొత్త ఫాదర్ పాత చెక్క బెంచీలు పీకించి మెత్తటి కుర్చీలు వేయిస్తానన్నాడట. సోమవారం వడ్రంగులు వస్తున్నారట.

రాజన్న తాళంచెవిని రెండు చేతులతో ఆయనకు అందించాడు. "మా పెదబాపు ఆర్నెల్లు రాలేదని చెప్పుండ్రి. గా గంట ఇప్పటికీ మోగుతది."

చెప్పాను. పెద్దాయన తాళంచెవిని జేబులో భద్రంగా పెట్టుకుని, నా వైపు వంగి అడిగాడు: "వీసా పొడిగించుకోవాలంటే ఏ స్టేషన్లో దిగాలి?"