రెండోసారి చిమ్మిలి

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను కనిగిరి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఆ మండలంలో ఆడపిల్లల రక్తహీనతను ఒంటిచేత్తో తరిమికొట్టాను. సరే, మండలం కాదు, ఒక ఊళ్లో. ఊరంతా కూడా కాదు, ఒక్క పిల్లకు.

పేరు పద్మ. తొమ్మిదో తరగతి, కబడ్డీలో చిచ్చరపిడుగు. బడిలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది వచ్చింది, పన్నెండు ఉండాలి. ఒళ్లు ఎదిగే వయసు, పైగా నెలనెలా పోయే రక్తం, రెండింటికీ ఇనుము కావాలి. ఈ పిల్ల తినేదేమో పచ్చడి మెతుకులు, వెనకే ఆ కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వని టీ. మా మెడికల్ ఆఫీసరు గారు రోజుకో ఐరన్ మాత్ర రాశారు. మూడు నెలల్లో పది దాటకపోతే జిల్లా జట్టుకు పంపేది లేదని వాళ్ల వ్యాయామం మాస్టారు తేల్చేశారు.

నెల తర్వాత వాళ్లింటికి వెళితే, మొదటి నాలుగు మాత్రలు తప్ప అట్టలు అట్టల్లాగే ఉన్నాయి. విరేచనం నల్లగా అవుతోందని నాయనమ్మ సుబ్బమ్మ మాన్పించింది.

"పేగులు మాడిపోతన్నయ్యయ్యా!"

ఐరన్ వేసుకుంటే రంగు మారడం మామూలేనన్నాను. వినలేదు. "పోనీ, నువ్వుల చిమ్మిలైనా పెట్టు పెద్దమ్మా" అన్నాను, మహా పండితుడిలా. దానికి మాత్రం వెంటనే తలూపింది.

మా వైపు నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచేది పిల్ల పెద్దమనిషైనప్పుడు. ఆ సంగతి నాకు తట్టలేదు. రోట్లో నువ్వులు పడగానే వీధంతా వాసన, వాసన వెనకే వార్త. మరుసటి వారం నేను వెళ్లేసరికి పద్మ మేనమామ పట్టు లంగా ఓణీతో దిగి ఉన్నాడు.

"ఏందత్తా, రెండేళ్ల కిందే చేశాంగా! మళ్లీ అయిందా?"

"నన్నడుగుతావేందిరా? ఆ డాక్టర్నడుగు, ఆయనే పెట్టమంది!"

నేను డాక్టర్ని కానని సర్వీసు మొత్తంలో నా అంతట నేను చెప్పుకున్నది ఆ ఒక్కరోజే.

కబడ్డీ జట్టంతా గుమ్మంలో పడీపడీ నవ్వుతోంది. పద్మ మొహం కందగడ్డైంది. "సార్, మాత్రలే మింగుతా. నల్లగా రానీ, పచ్చగా రానీ. ఇంకోసారి చిమ్మిలి మాటెత్తారంటే ఊరుకోను" అంటూ నా ఎదుటే ఒకటి మింగింది.

ఆపైన రోజూ అన్నం తిన్నాక మాత్ర, మీద నిమ్మకాయ నీళ్లు, టీ బంద్. మూడో నెలాఖరుకు పది పాయింట్ ఆరు. జట్టుతో బస్సెక్కింది.

రిపోర్టులో 'పోషకాహార అవగాహన వల్ల' అని రాశాను. సిగ్గు వల్ల అని రాయడానికి ఫారంలో గడి లేదు.

తిండి సలహా ఇచ్చేముందు ఆ ఇంట్లో దాన్ని ఎందుకు వండుతారో కనుక్కోవాలి. నేను కనుక్కోలేదు. పిల్లకు మేలు జరిగింది గానీ, అది నా సలహా వల్ల కాదు.