కరివేపాకు కన్ను

నా కంటికి చేసింది కుట్టు లేని ఆపరేషను. ఆ మాట డాక్టరు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ గర్వంగానే. ఆయన చేతిలో కుట్టు పడలేదన్నది నిజమే. కానీ ఆ వేసవిలో నాకు పట్టుకున్న కన్నుకుట్టు ఆయన పరికరాలకు దొరికే రకం కాదు. అది ఆపరేషనుకు రెండు నెలల ముందే మొదలైంది. అదీ ఒక మనిషి మీద కాదు, జానెడు మొక్క మీద.

రాయపురంలో మా ఇంటి వెనక ఉన్నదాన్ని తోట అనడం మర్యాద కోసమే. ఉతికే రాయికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల మట్టి, దాని చుట్టూ కుండీలు, అడుగు పగిలిన బక్కెట్లు. హార్బరు వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి తట్టుకున్నవే అక్కడ మిగులుతాయి. ఒక మల్లె తీగ, రెండు వంగ మొక్కలు, కొంచెం గోంగూర, నేను.

ఎండాకాలంలో ఆ నాలుగడుగుల చాకిరీ అంతా నాది. ఆరు కొట్టేలోపు నీళ్ళు పెట్టాలి. ఆలస్యమైతే కుండీలో నీళ్ళు వేడెక్కి వేళ్ళు ఉడుకుతాయి. మొదళ్ళ చుట్టూ కొబ్బరి పీచు పరవాలి. వంగ ఆకుల్ని తిరగేసి, అడుగున పట్టిన తెల్ల పురుగును తడిగుడ్డతో తుడవాలి. ఎండలు మండిపోయే అగ్ని నక్షత్రం రోజుల్ని ఇక్కడ కత్తిరి అంటారు. ఆ రోజుల్లో కొమ్మలు కోస్తే మొక్క తట్టుకోదు. "కత్తిరిలో కత్తెర ముట్టబాకండి," అంటుంది నా భార్య, అందులో శ్లేష ఉందని తెలియకుండానే. మా ఇంట్లో శాఖలు అలా పంచుకున్నాం. మాటలు నావి, కొమ్మలు ఆమెవి.

తరతరాలుగా మదరాసులోనే ఉన్న మా బోటి తెలుగు ఇళ్ళలో మొక్క పిల్లను 'కన్ను' అంటాం. తమిళంలో లేత మొక్కకూ కంటికీ మధ్య నకారం తేడా ఉంటుంది, ఒకటి తేలిక, ఒకటి బరువు. మా నోట్లో పడేసరికి ఆ రెండూ కలిసి ఒకే కన్నయిపోయాయి. మామిడి కన్ను, కొబ్బరి కన్ను. మా ఇంట్లో అప్పటికి ఉన్నది కరివేపాకు కన్ను.

అది మూడోది. మొదటిదాన్ని నేను నీళ్ళలో ముంచి చంపాను. రెండోదానికి ఎరువు నీళ్ళలో కలపకుండా వేసి మాడ్చాను. అందుకని మూడోదాన్ని నేను తాకకూడదని కట్టడి. "ఇది గూడా పోతే ఇంక పెట్టను, ఆ ఆశ వదిలేస్తాను," అని చెప్పింది ఆమె, ఎవరి వైపూ చూడకుండా. మా పెరట్లో నేను తప్ప ఎవరూ లేరు.

ఆమెకు కరివేపాకు మీద అంత పట్టుదల ఎందుకంటే, అది కొసరు వస్తువు. మా వీధిలోకి బండి తోసుకొచ్చే కూరలామె, కూరలన్నీ కొన్నాక, పైన ఒక గుప్పెడు కరివేపాకు ఊరికే పడేస్తుంది. పడేస్తే పడేస్తుంది, లేకపోతే మరిచిపోతుంది. నా భార్య నోరు తెరిచి అడగదు. సంచి నోరు మాత్రం తెరిచి పట్టుకుని నిలబడుతుంది. అవతలామె గమనించకపోతే ఆ సంచితో అలాగే లోపలికొచ్చి, "మీరన్నా అడగొచ్చు గదా," అంటుంది నాతో. ముప్పై ఏళ్ళుగా అదే మాట. ఒకరిని అడక్కుండా రెండు రెబ్బలు తెంపుకోవాలన్నదే ఆమె కోరిక.

అది న్యాయమైన కోరికేనని ఇప్పుడు రాస్తున్నప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కనిపించింది మజ్జిగ ఒక్కటే. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోస్తే బాగా వస్తుందని ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి పెరుగు గిన్నెలో చిక్కదనం పెరటి వైపు మళ్ళింది. నా గ్లాసులోకి వచ్చేది అడుగు కనిపించే మజ్జిగ. పైగా మధ్యాహ్నం నా గొడుగు విప్పి, దాని కుండీకి తాడుతో కట్టి నీడ పట్టేది. నేను నెత్తిన తువ్వాలు వేసుకుని మందుల షాపుకు వెళ్ళేవాణ్ణి. ఆకు ఆకుకూ దుమ్ము తుడిచి, "ఏందమ్మా, ఈ పొద్దు అట్ట వాలిపోయినావే?" అని పలకరించేది. నేను వాలిపోయి కూర్చుంటే, "కూర్చున్నారు గదా, ఆ బీన్సు గిల్లండి," అనేది.

వీధి గుమ్మంలో ఎవరైనా తమిళంలో "సార్ ఇరుక్కారా?" అని నా గురించి అడిగితే, లోపలి నుంచే "ఇరుక్కారు," అని చెప్పేది. ఉన్నారు అని దాని అర్థం. గ్యాసు సిలిండరు ఉందా అంటే ఉంది అని చెప్పే గొంతు అది. నా తెలుగు చెవికి మాత్రం ఎప్పుడూ 'ఇరుక్కున్నారు' అన్నట్టే వినిపించేది. కరివేపాకును వాడుకుని తీసి పక్కన పెడతారని లోకమంతా జాలిపడుతుంది. మా ఇంట్లో కరివేపాకుది అల్లుడి హోదా. తీసి పక్కన పెట్టింది నన్ను.

అలాంటి రోజుల్లో కంటి ఆపరేషను అయింది. వంగకూడదు, బరువెత్తకూడదు, ఎండా దుమ్మూ తగలకూడదు అన్నారు. పెరటి పనులన్నీ ఆమె మీద పడ్డాయి. కంటికి మూత పెట్టుకుని ముందు గదిలో పడుకుని ఉన్నాను. వంటింట్లో ఆమె టి. నగర్‌లో ఉండే వాళ్ళ అక్కతో ఫోనులో మాట్లాడుతోంది.

"కన్ను బాగానే ఉండాదక్కా," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎండ మాత్రం తగలనీకూడదు. దుమ్ము పడితే తుడస్తా ఉండాను. నీళ్ళు కారతా ఉండాయి, అది మంచిదేలే, నిలవకూడదు. పొద్దున లేస్తానే మొదట దాన్నే చూసేది నేను."

రెండు నెలల అనుమానం ఒక్కసారిగా కరిగింది. మంచి కన్ను కూడా తడిసింది. ఇలాంటి మనిషి మీద, ఒక గ్లాసు మజ్జిగ కోసం ఎంత కుళ్ళుకున్నాను అనుకుని లేచి కూర్చోబోయాను. అంతలో ఆమె నిట్టూర్చింది.

"ఈ సారన్నా దక్కితే చాలక్కా. ముందరి రెండూ పొయినాయి గదా. రెండూ ఈయన చేతిలోనే."

నేను మూత మీద నుంచే నా కళ్ళను ఒకసారి లెక్క చూసుకున్నాను. తర్వాత మళ్ళీ పడుకున్నాను.

ఆ మరుసటి వారం వాళ్ళ అక్క ఇంట్లో పెళ్ళికి చీరలు కొనాలని టి. నగర్ ప్రయాణాలు మొదలయ్యాయి. రోజూ పొద్దున వెళ్ళడం, సాయంత్రం రావడం. వెళ్ళేముందు మొదటి రోజు పెరట్లోకి పిలిచింది. కుండీని ఎత్తి ఉతికే రాయి మీద పెట్టి ఉంచింది.

"వొంగబాకండి అని చెప్పినారు గదా డాక్టరు. అందుకని కన్నునే పైకెత్తి పెట్టినాను. ఈ చెంబులో ఉండేది పది గంటలకు పొయ్యండి, చాలు. ఇంకేం చెయ్యబాకండి. ఎరువు గిరువు వొద్దు. సుమ్మా, ఊరికే పోసేసి లోపలికి రండి."

ఎత్తింది నా కంటి కోసమా, దాని కోసమా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె వెళ్ళాక చెంబు మూత తీశాను. తెల్లగా, చిక్కగా ఉంది. ఇంతకాలం నాకు రానిది ఎంత చిక్కగా ఉండేదో చూద్దామని ఒక గుక్క తాగాను. పులుపు జాస్తి. లోపలికి తీసుకెళ్ళి ఉప్పేసుకున్నాను, అల్లం చిదిమి వేసుకున్నాను. రుచి ఎలా ఉన్నా, గెలిచినట్టుగా ఉంది. ఖాళీ చెంబు కడిగి, ఆ కడిగిన నీళ్ళు మాత్రం మొక్కకు పోశాను. ఎన్నాళ్ళుగానో నాకు దక్కింది అదే కాబట్టి, నా లెక్కలో అది న్యాయమే.

ఏడు రోజులూ అలాగే చేశాను. మూడో రోజు మాత్రం మొక్క ఎదుట నిలబడి తాగాను. అంత దిగజారానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె పెరట్లోంచి పిలిచింది. పరుగెత్తకూడదు కాబట్టి పరుగెత్తకుండా వెళ్ళాను. కన్ను మొదట్లో రెండు, కొసన ఒకటి, ఎర్రెర్రగా చిగుర్లు. ఆమె ముట్టుకోకుండా వేళ్ళు దగ్గరగా పెట్టి చూస్తోంది. వెంటనే అక్కకు ఫోను చేసింది.

"చిగురేసినాదక్కా. లేదు లేదు, నేను కాదు. ఈయనే. వారమంతా ఈయనే పోసినాడు. మరిచిపోకుండా రోజూ. ఏమో అనుకున్నాను గానీ, చేతి గుణం ఉండాది ఈయనకి."

ముప్పై ఏళ్ళలో నా గురించి ఆమె వాళ్ళ అక్కకు చెప్పిన మొదటి మంచి మాట అది. రోజూ పది గంటలకు మరిచిపోకుండా మజ్జిగ పోసిన ఆ మనిషి మీద నాకు చెడ్డ అసూయ కలిగింది. అతను నేను కాకపోవడమే ఇబ్బంది.

ఆ మెప్పునూ అనుభవించి ఊరుకునేవాణ్ణేమో. కానీ ఆమె ఫోను పెట్టేసి, "ఒక చెంబుకే ఇట్ట వస్తే, రేపట్నించి రెండు చెంబులు పోస్తాను," అంది.

ముంచి చంపడం ఎలా ఉంటుందో మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు. మొదటి కన్ను కూడా కుళ్ళిపోయేముందు బాగానే కనిపించింది. ఇంతకాలం రోజుకొక చెంబు పులుపు తాగి ఇది ఎదగలేదు, వారం రోజులు కడిగిన నీళ్ళతో సరిపెడితే చిగురేసింది. చెప్పకపోతే మూడోది కూడా నా చేతిలోనే పోతుంది, ఈసారి నేను తాకకుండానే.

"రెండు వద్దు," అన్నాను. "ఒకటీ వద్దు. నేను పొయ్యలేదు."

"మరెవరు పోసినారు?"

"తాగాను."

ఆమె నా వైపు చూసింది, చెంబు వైపు చూసింది.

"ఏడు నాళ్ళూనా?"

"చెంబు కడిగిన నీళ్ళు దానికే పోశాను. దాంట్లో మోసం లేదు."

"అది మజ్జిగ కాదండీ. బియ్యం కడిగిన నీళ్ళు. మూడు నాళ్ళు పులవనిచ్చి, దాంట్లో రెండు గరిటెలు మజ్జిగ కలిపేది."

"ఉప్పేసుకున్నాను."

"కుడితికి ఉప్పా," అని ఆమె ఉతికే రాయి మీద, కుండీ పక్కనే కూర్చుండిపోయింది. నవ్వు మొదట భుజాల్లో కనిపించింది. "అదే చూస్తా ఉండాను, ఈ వారం మీరు గూడా కొంచెం చిగురేసినట్టుంటిరే అని."

చాలాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది. "మజ్జిగ కావాలంటే నన్ను అడగకూడదా?"

"నువ్వు కూరలామెను అడుగుతావా?" అన్నాను.

ఆమె ఎండుటాకొకటి తెంపి, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది.

కత్తిరి రోజులు పోయాక, కొస గిల్లితే పక్క కొమ్మలు వస్తాయని ఆమె ఒకే ఒక రెబ్బ గిల్లింది. ఆ మధ్యాహ్నం నా గ్లాసులోకి అడుగు కనిపించని మజ్జిగ వచ్చింది, తాలింపుతో. తాగుతుంటే ఆకొకటి పెదవికి తగిలింది. అలవాటు చొప్పున వేలితో తీసి గ్లాసు అంచుకు అంటించబోయాను.

"పక్కన పెట్టబాకండి," అంది ఆమె. "దానికి మూడు కన్నులు పట్టినాయి."

నమిలాను. కరివేపాకు రుచి నాకు అంతవరకు తెలియదని అప్పుడే తెలిసింది. కొంచెం చేదు. బాగుందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

మర్నాడు పొద్దున వీధిలో కూరల బండి దగ్గర సంచి పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. కూరలామెకు ఆ రోజు ఎందుకో గుర్తుంది. బెండకాయలు తూచి, గుప్పెడు రెబ్బలు తీసి తనే అడిగింది. "కరువేప్పిలై వేణుమా మా?" కరివేపాకు కావాలా అని.

నా భార్య సంచి నోరు మూసేసింది.

"వేణాం మా," అంది. వద్దమ్మా అని. "వీట్లేయే ఇరుక్కు." ఇంట్లోనే ఉంది.

ఆ 'ఇరుక్కు' అన్నప్పుడు ఆమె గొంతులో వినిపించింది ఏ ఇరుకూ లేని మాట. అవతలి బండి దాకా వినిపించేలా, తాపీగా అంది. ముప్పై ఏళ్ళలో నా గురించి ఎవరు అడిగినా ఆ మాట అలా రాలేదు. ఇంట్లో ఉన్నది మొత్తం పదకొండు రెబ్బలు, వాటిలో ఒకటి నా కడుపులో ఉంది.

నేను నల్లద్దాలు సర్దుకుని బెండకాయలు మోసుకుంటూ వెనకే నడిచాను. కుట్టు పడని కన్ను మళ్ళీ కుట్టింది.